వెనక దర్వాజ పక్క గద్దె

మెట్రో వచ్చిన నాటి నుంచీ నాకొక అలవాటు పట్టుకుంది. ఎల్‌బీ నగర్‌లో ఎక్కితే దిల్‌సుఖ్‌నగర్ దాటేదాకా ఎడమవైపు కిటికీ దగ్గర నిలబడను. ఎవరైనా అడిగితే ఎండ పడుతుందని చెబుతాను. రిటైరయిన పంతులమ్మ చెప్పిన కారణాన్ని ఎవరూ తిరిగి ప్రశ్నించరు. మొన్న మాత్రం కోచింగ్ పిల్లల బ్యాగుల తోపులాటలో ఎడమవైపుకే కొట్టుకుపోయాను. చేసేదేమీ లేక బయటికి చూశాను. అపార్టుమెంట్ల సందులోంచి పాత కూరగాయల మండి కనిపించింది. దానికి కప్పు లేదు. రేకులన్నీ ఊడదీసి ఒక పక్కన పేర్చారు. రాతి గోడల మధ్య కూరలు పెట్టుకుని అమ్మే గద్దెల వరసలు ఎండలో తెల్లగా ఆరిపోయి ఉన్నాయి. పుట్టి బుద్ధెరిగాక ఆ మండిని పైనుంచి చూడడం అదే మొదలు. నా కళ్లు మాత్రం దారి అడగకుండా వెనక దర్వాజ పక్క గద్దె మీదికే పోయాయి. అక్కడ ఎవరూ లేరు. అమ్మ అక్కడ ఉండదని నాకు తెలుసు. మండి మూసేసి పక్షం దాటింది, ఆమె చంపాపేట్‌లో నా ఇంట్లోనే ఉంది. తెలిసి కూడా మండి మరుగయ్యేదాకా మెడ తిప్పి ఆ గద్దెనే చూశాను.

ఆ మండిని ఎవరు కట్టించారో ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పేవాళ్లు. మా నాయనమ్మ మాత్రం అది నవాబుల దేవిడీ వాళ్ల గుర్రాల కొట్టమని గట్టిగా వాదించేది. గోడలకు ఇనుప రింగులుండేవి, గుర్రాలను కట్టేయడానికే అవి అన్నది ఆమె సాక్ష్యం. మా కాలానికి ఆ రింగులకు గోనె సంచులు, తక్కెడలు, చంటిపిల్లల ఉయ్యాలలు వేలాడుతుండేవి. ముందు కమాను మీద ఉర్దూలో ఏవో అక్షరాలు చెక్కి ఉండేవట, ఏటేటా సున్నం మీద సున్నం కొట్టి వాటిని పూడ్చేశారు. హయత్‌నగర్ దిక్కు నుంచి కూరగాయల బండ్లు తెల్లవారకముందే వచ్చేవి. ఎల్‌బీ నగర్ అంటే అప్పుడు చేన్లే. లోపలికి అడుగుపెడితే ముందు కొత్తిమీర వాసన, ఆ వెంటనే తడి గోనెల ముక్క వాసన, బాగా లోపలికి పోతే గబ్బిలాల కంపు. సాయంత్రం అయితే చాలు, ఆ చివర ఎవరన్నా పిలిస్తే మన వెనకే నిలబడి పిలిచినట్టు వినపడేది. చిన్నప్పుడు నేను అక్కడ వెనక్కి తిరిగి చూడని రోజు లేదు.

మా వాళ్లది నల్లగొండ పక్క పల్లె. నాన్న బస్సు డిపోలో బస్సులు కడిగే పనికి కుదిరి సైదాబాద్‌లో ఒక అర్ర కిరాయికి తీసుకున్నాడు. అమ్మ నర్సమ్మ మండిలో ఆకుకూరలు అమ్మేది. తెల్లవారుజామున లేచేసరికి ఇంట్లో పాలకూర, తోటకూర, గోంగూర గుట్టలు పడి ఉండేవి. సిమెంటు తొట్టిలో కడగడం అమ్మ పని, కట్టలు కట్టడం నాది. అరటి నార నీళ్లలో నానబెట్టి, కట్టకు రెండు చుట్లు చుట్టి, కొసను పంటితో బిగించేదాన్ని. బడికి పోయినా నా చేతులు గోంగూర పులుపు వాసనే వేసేవి. పక్క బల్ల పిల్ల ముక్కు మూసుకునేది. నాయనమ్మ గడప మీద కూర్చుని పొగాకు నములుతూ ప్రతి కట్టకూ వంక పెట్టేది. నా కంటే రెండేళ్లు చిన్నది మా చెల్లె చంద్రకళ, మేము చెంద్రి అనేవాళ్లం. దానికి పనీపాటా లేదు, బడి లేదు. అమ్మ గంప నెత్తికెత్తుకుంటే ఆమె కొంగు పట్టుకుని మండికి పోయేది. పగలంతా వెనక దర్వాజ పక్కన, మా గద్దె కింద గోనె పరుచుకుని ఆడుకునేది.

అది మండిలో అందరికంటే అధ్వాన్నమైన గద్దె. చీకటిగా ఉండేది, పైన గబ్బిలాలు, పక్కన కోళ్లు కోసే వరస. మంచి గద్దెలు ముందు దర్వాజ దగ్గరుండేవి. అందుకే పెద్దలు ఒక పద్ధతి పెట్టారు. పెత్రమాస నాడు, అంటే బతుకమ్మ మొదలయ్యే పెద్దల అమావాస్య నాడు, పొద్దుటి బేరం అయిపోయాక అందరూ కూడి చిట్టీలు తీసేవాళ్లు. ఎవరి చిట్టీలో ఏ గద్దె వస్తే మర్నాటి నుంచి ఏడాదంతా ఆ గద్దె వాళ్లది. మళ్లీ పెత్రమాసకు మళ్లీ చిట్టీలు. మంచి జాగా ఒక్కరికే పట్టా కాకూడదని ఆ ఏర్పాటు. ఇత్తడి చెంబులోంచి చిట్టీ తీసేది పసిపిల్లలు, వాళ్ల చేతికి పక్షపాతం ఉండదని. చెంద్రికి ఐదేళ్లు వచ్చిన ఏడు అమ్మ చిట్టీ అదే తీసింది. ముందు దర్వాజ, కమాను కిందిదే వచ్చింది. అమ్మ దాన్ని ఎత్తుకుని మండి అంతా తిప్పింది. "నా బిడ్డ చెయ్యి బంగారం, సూడుండ్రి" అని కనపడ్డవాళ్లందరికీ చూపించింది. ఇంటికొచ్చి సేమియా పాయసం చేసింది. అమ్మ అంత సంతోషంగా ఉండగా నేను చూసింది ఆ ఒక్క సాయంత్రమే.

సద్దుల బతుకమ్మ నాడు మండిలో ఇసుక వేస్తే రాలదు. ఆకుకూరలు పక్కన పెట్టి అమ్మ తంగేడు, గునుగు పూలు అమ్ముతోంది. నేను జ్వరంతో ఇంట్లో నాయనమ్మ దగ్గర పడుకుని ఉన్నాను. చెంద్రి అమ్మ పక్కనే ఉన్నదల్లా, బంతిపూలు మోసుకెళ్తున్న పిల్లల వెంట లోపలికి పోయింది. జనంలో అమ్మ కనపడకపోయేసరికి భయపడి ఉంటుంది. తప్పిపోతే ఎటూ పోవద్దు, మన గద్దె కాడికి రా అని అమ్మ దానికి వెయ్యిసార్లు చెప్పింది. పిల్ల చెప్పినట్టే చేసింది. మన గద్దె అంటే దాని బుర్రలో వెనక దర్వాజ పక్కదే. ఏడాదంతా ఆడుకున్న జాగా అది. తొమ్మిది రోజుల కిందట తన చేతితోనే చిట్టీ తీసి గద్దె మార్చిన సంగతి ఆ భయంలో దానికి గుర్తొచ్చి ఉండదు. ఐదేళ్ల పిల్ల, ఎట్లా గుర్తొస్తుంది?

ఆ గద్దె ఆ ఏడు రత్నమ్మత్తకు వచ్చింది. ఆమెది గుంటూరు దిక్కు. మొగుడు పోయాక అన్నగారి వెంట ఇక్కడికొచ్చి నిమ్మకాయలు, కరివేపాకు అమ్ముకునేది. అమ్మా ఆమే ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవాళ్లు. చెంద్రి వచ్చి గద్దె ముందు నిలబడి మా అమ్మేది అని ఏడ్చిందట. చుట్టూ బేరాలు. "మీ అమ్మ ముందు గేటు దగ్గరుందమ్మా, ఇట్టా తిన్నగా వెళ్లు" అని రత్నమ్మత్త చెయ్యి చూపించింది. ఆమె చెప్పింది నిజమే, చూపించిన దారీ సరైనదే. పిల్ల ఆ దారినే పోయింది. అమ్మ దగ్గరికి మాత్రం చేరలేదు. వెనక నుంచి ముందుకు అరఫర్లాంగు కూడా ఉండదు. ఆ కొంచెం దూరంలో ఏం జరిగిందో ఇన్నేళ్లకూ ఎవరికీ తెలియదు.

పోలీసులు తిరిగారు, నాన్న తిరిగాడు. సరూర్‌నగర్ చెరువులో మనుషులను దింపి వెతికించారు. బస్సుల మీద బస్సులు ఎక్కి నాన్న ఏ ఊరి జాతర చెబితే ఆ ఊరికి పోయేవాడు. కొన్నేళ్లు తిరిగి తిరిగి ఒకరోజు మంచం ఎక్కాడు, మళ్లీ దిగలేదు. అమ్మ ఎక్కడికీ పోలేదు. మూడోనాడే పూలగంప ఎత్తుకుని రత్నమ్మత్త దగ్గరికి పోయింది. "వదినె, నా గద్దె నువ్వు తీస్కో, నీ గద్దె నాకియ్యి. బిడ్డ మళ్ల గీడికే వస్తది" అన్నది. మంచి గద్దె తీసుకోవడానికి రత్నమ్మత్తకు చెయ్యి రాలేదు, వద్దనడానికి నోరు రాలేదు. పక్కనే ఖాళీగా ఉన్న సగం గద్దె మీదికి నిమ్మకాయల బుట్ట జరుపుకుంది. కమాను కిందిది ఎవరికో పోయింది. అప్పటి నుంచి ఇద్దరూ ఆ చీకటి మూలనే కూర్చున్నారు. ప్రతి పెత్రమాసకు చిట్టీలు తీశారు కానీ ఆ రెండు గద్దెలు చెంబులో వేయలేదు. పసిపిల్లల చేత చిట్టీలు తీయించడం కూడా ఆ ఏటితోనే మానేశారు.

ఇంట్లో చెంద్రి పెరగడం ఆగలేదు. ఈ మాట చదివి మీకు వింతగా ఉండొచ్చు, మాకు అది మామూలే. నాకు రిబ్బన్లు కొంటే దానికీ కొనేది అమ్మ. నాకు లంగా ఓణీ కుట్టిస్తే దానికి రెండేళ్లు తక్కువ కొలత చెప్పి మరొకటి కుట్టించేది. అవన్నీ ఇనుప పెట్టెలో వాడకుండా మడతలు పడి ఉండేవి, ఏడాదికోసారి ఎండకు వేసేవాళ్లం. గద్దె మీద కూర్చున్న అమ్మ చూపు కూడా ఏటేటా మారేది. ముందు గౌనులేసుకున్న పిల్లల మొహాలు చూసేది. తర్వాత జడలేసుకున్న వాళ్లవి, ఆ తర్వాత చంటిబిడ్డనెత్తుకుని కూరలకొచ్చిన ఆడవాళ్లవి. కొందరు జడుసుకుని గద్దె మార్చి వేరే దగ్గర కొనుక్కునేవాళ్లు. "ఏందమ్మా, గట్ల మింగినట్టు సూస్తవు" అని ఒకామె మీదికొచ్చింది కూడా. అమ్మ కోపం తెచ్చుకోలేదు. "నీ ఎడమ చెవి ఎనక పుట్టుమచ్చ ఉన్నదా బిడ్డా?" అని అడిగింది.

నాయనమ్మకు ఇదంతా నచ్చేది కాదు. ఒక పెత్రమాస నాడు పెద్దలకు బియ్యమియ్యడానికి అయ్యవారిని పిలిపించింది. విస్తరిలో బియ్యం, పప్పు, గుమ్మడికాయ, బెండకాయలు పెట్టారు. పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటీ చెబుతోంది. చివర గొంతు తగ్గించి, "గా పిల్ల పేరు గూడ చెప్పుండ్రయ్యా, యాడున్నదో ఏమో, దాని ఆత్మ శాంతిస్తది" అన్నది. అమ్మ వంటింట్లోంచి వచ్చింది. విస్తరిని రెండు చేతులా ఎత్తి వాకిట్లో విసిరికొట్టింది. గుమ్మడికాయ పగిలి గింజలన్నీ గోడకు చిందాయి. "బతికున్న బిడ్డకు బియ్యమిస్తవా? నీ నోరెట్ల వచ్చిందే ముసలిదానా?" అని అరిచి, గంప ఎత్తుకుని మండికి పోయింది. అయ్యవారు చెప్పులు వేసుకోకుండానే పోయాడు. నాయనమ్మ ఆ రోజంతా గింజలు ఏరుతూ ఏడ్చింది. నాకు ఇద్దరి మీదా జాలి కలగలేదు. మూలన నిలబడి, వీళ్లకు నేను కనపడతానా అసలు అనుకున్నాను.

నా కడుపుమంట దాచుకోను. నేను పదో తరగతి ఫస్టు క్లాసులో పాసై మండికి పరుగెత్తిన రోజు అమ్మ నా మొహం చూసి నవ్వింది, వెంటనే కళ్లు నా భుజం మీదుగా దర్వాజ వైపు పోయాయి. నా పెళ్లిలో కన్యాదానం అవుతూనే రత్నమ్మత్తను గద్దె దగ్గర కూర్చోమని పంపింది. నా కొడుకు పుట్టినప్పుడు దవాఖానాకు పొద్దున వచ్చి మధ్యాహ్నానికి మళ్లీ గద్దె మీదే ఉంది. "ఒక్కరోజు ఇంట్ల ఉంటే ఏమైతదమ్మా?" అంటే, "గా ఒక్కరోజే వస్తే?" అనేది. ఇంటికి తిరిగొచ్చిన బిడ్డ కోసం ఎవరూ ఎదురుచూడరని నాకు చిన్నతనంలోనే అర్థమైంది. తప్పిపోయినదాన్ని నేనైతే బాగుండేదని కూడా కొన్నిసార్లు అనిపించింది. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా చెంద్రి వింటున్నట్టు ఉండేది.

ఈ మధ్య అమ్మ మోకాళ్లు పూర్తిగా పోయాయి. అయినా ఆటోలో పోయి ఒక పూట కూర్చుని వచ్చేది. నాలుగు కట్టలు మెంతికూర పెట్టుకునేది, పేరుకు. గోడలు పగుళ్లిచ్చాయని, కూలితే ప్రాణాలు పోతాయని, మండి ఖాళీ చేయమని నోటీసు అంటించినప్పుడు నాకు లోలోపల ఊరట కలిగింది. పీడ విరగడైందనుకున్నాను. ఎల్‌బీ నగర్ రోడ్డు వైపు కట్టిన కొత్త కాంప్లెక్సులో అందరికీ జాగాలిస్తామన్నారు. మండి మూసిన రోజు నుంచి అమ్మ మాట్లాడడం తగ్గించింది. వరండాలో కుర్చీ వేసుకుని తెల్లారి నుంచి పొద్దుగూకేదాకా కూర్చునేది. తిను అంటే తినేది, పడుకో అంటే పడుకునేది. ఒకరోజు మాత్రం, "అండాలూ, గోడలు కూలగొట్టినంక గా జాగా ఎట్ల గుర్తుపడతది అది?" అని అడిగింది. దానికి అరవై దగ్గరపడిందమ్మా అని చెప్పబోయి ఊరుకున్నాను.

మెట్రోలోంచి కప్పు లేని మండిని చూసిన వారానికే పెత్రమాస వచ్చింది. పద్ధతి తప్పకూడదని కొత్త కాంప్లెక్సు జాగాలకు కూడా ఆ రోజే చిట్టీలు పెట్టారు. నన్ను తీసుకుపొమ్మంది అమ్మ. ఆ కాంప్లెక్సు అంతా టైల్సు, ట్యూబులైట్లు, ఫినాయిలు వాసన. ముసలివాళ్లు నున్నటి నేల మీద జారతామేమోనని గోడ పట్టుకుని నడుస్తున్నారు. అమ్మను చూడగానే గోల ఆగింది. సంఘం పెద్ద లేచి వచ్చి, "నర్సమ్మక్కా, నువ్వు చిట్టీ తీసేది లేదు. నీకు ఏ జాగా కావాల్నో నువ్వే చెప్పు. మేమందరం అనుకున్నం" అన్నాడు. అందరూ తలూపారు. ఆమె ఒక మూలన కూర్చుంటేనే ఆ కొత్త జాగా తమదైనట్టుంటుందని వాళ్ల మొహాలు చెబుతున్నాయి.

"నాకు జాగా వద్దు తమ్మీ" అన్నది అమ్మ. రత్నమ్మత్త నిమ్మకాయల సంచి కింద పెట్టి, మెల్లగా వచ్చి అమ్మ ముందు నేల మీద కూలబడింది. ఆమె కూడా ముసలిదైపోయింది, చెంపలు లోపలికి పోయాయి. అమ్మ చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది.

"అట్టా అనమాక వదినా. నువ్వు లేకుండా నేనెట్టా కూర్చునేది? రేపు ఆ పిల్ల వచ్చి నా ముందు నిలబడితే నేనేం చెప్పాలి?"

"నువ్వు కూసో వదినె. నీ కండ్లు మంచిగనే ఉన్నయి."

"ఆ రోజు చెయ్యి చూపించి ఊరుకున్నాను. తక్కెడ వదిలి నాలుగడుగులు వెయ్యలేకపోయాను" అన్నది రత్నమ్మత్త. ఇన్నేళ్లలో ఆ మాట ఆమె నోట వినడం నాకదే మొదలు. "ఈసారి చెప్పి ఊరుకోను వదినా. చెయ్యి పట్టుకుని తీసుకొస్తా. ఎక్కడికి తీసుకురమ్మంటావో చెప్పు."

అమ్మ ఆమె తల మీద చెయ్యి వేసింది. ఆ తెల్లటి నేలనూ, లైట్లనూ చూసింది. తర్వాత నా వైపు తిరిగింది. నా భుజం మీదుగా కాదు, నా మొహంలోకే చూసింది. "మా అండాలు ఇంటికి తోల్కరా. చంపాపేట్‌ల, నల్ల గేటు. మీ అమ్మ గాడ్నే ఉన్నది, మీ అక్క కాడ ఉన్నదని చెప్పు" అన్నది. నాకు ఏడుపు ఆగలేదు. అరవై దాటిన ముసలిదాన్ని, అందరి ముందూ కొంగు నోట్లో కుక్కుకుని చిన్నపిల్లలా ఏడ్చాను. ఆటోలో ఇంటికొచ్చేదాకా అమ్మ నా చెయ్యి వదల్లేదు.

మర్నాడు మండి గోడలు కూల్చారు. మేము చూడటానికి పోలేదు. అమ్మ ఇప్పుడు బాగానే తింటోంది, టీవీ పెట్టమంటోంది, కూరలో ఉప్పు తక్కువైందని నా మీద విసుక్కుంటోంది. మధ్యాహ్నాలు హాయిగా నిద్రపోతోంది కూడా. నాకే నిద్ర కరువైంది. పాలవాడో, కొరియర్ అబ్బాయో, గాలో, ఎవరు కదిలించినా గేటు చప్పుడవుతుంది. అమ్మ లేవదు. చేతిలో పని వదిలి నేనే పరుగెత్తుతున్నాను. గొళ్లెం తీసే ముందు ఒక్క క్షణం ఆగి, కొంగు సర్దుకుంటున్నాను.